చేతులు కట్టిన ఎండ్రకాయ

గొడవంతా జయరామయ్య రేడియో కొనడంతో మొదలైంది. లేకపోతే కోవూరికి తూర్పున, సముద్రపు హోరు వినపడే ఆ పల్లెలో, తాతల నాటి నుంచి వరి తప్ప ఇంకోటి పండించని పద్మనాభయ్యకు ఉప్పునీళ్ళతో ఏం పని?

రేడియో రాకముందు సాయంత్రమైతే ఊరి పెద్దమనుషులంతా పద్మనాభయ్య అరుగు మీద ఉండేవాళ్ళు. ఆయన మాటల కోసం వచ్చేవాళ్ళో, ఆయన భార్య ప్రమీలమ్మ పంపే కాఫీ కోసం వచ్చేవాళ్ళో గానీ వచ్చేవాళ్ళు. రేడియో వచ్చాక కాఫీ కూడా వాళ్ళను ఆపలేకపోయింది. వీధికి ఆ చివర జయరామయ్య అరుగు మీద జనం, ఈ చివర పద్మనాభయ్య అరుగు మీద పద్మనాభయ్య. ఆయన అక్క ఆదిశేషమ్మ వంటింటి కిటికీలోంచి ఈ వైభవం చూసి, “మీ బావ పోయిన రోజున గూడా ఇంత దిగులు లేదురా నీ మొహాన” అనేది.

ఆదిశేషమ్మ చిన్న వయసులోనే మొగుణ్ణి పోగొట్టుకుని పుట్టింటికి వచ్చేసిన మనిషి. ఆ ఇంట్లో తాళాలు ప్రమీలమ్మ దగ్గర ఉండేవి, పని ఆదిశేషమ్మ దగ్గర ఉండేది. ఈ పంపకం ఎవరు చేశారో ఎవరికీ గుర్తులేదు, మార్చాలని ఎవరికీ తోచలేదు. ఆమె నోరు మాత్రం ఎవరి తాళానికీ లొంగేది కాదు.

ఆ ఏడు పద్మనాభయ్య ఏదో దావా పని మీద మద్రాసు పోయి, అక్కడ ప్లీడరు ఇంట్లో గాజుతొట్టి చూశాడు. తొట్టిలో సముద్రపు నీళ్ళు, నీళ్ళల్లో బతికున్న చేపలు. ప్లీడరు దావా గురించి ఏం చెప్పాడో ఆయన చెవికి ఎక్కలేదు. ఇంటికి తిరిగొచ్చిన మర్నాడే నెల్లూరు పోయి, పటాలు కట్టేవాడి చేత ఇనపచట్రం బిగించిన పెద్ద గాజుతొట్టి చేయించుకొచ్చాడు. మొదట పోసిన నీళ్ళు అద్దాల సందుల్లోంచి కారి, హాల్లో కూడా ఆగకుండా వీధిలోకి పోయాయి. మళ్ళీ లప్పం పెట్టించాడు.

సముద్రపు నీళ్ళు కుండల్లో పోసి ఎడ్లబండి మీద వచ్చేవి. పాలేరు మునెయ్య వారానికి రెండుసార్లు సముద్రపొడ్డున ఉన్న జాలర్ల పాలెం పోయి తెచ్చేవాడు. చేపలకు గాలి కావాలని ప్లీడరు చెప్పాడు కాబట్టి, లారీ ట్యూబొకటి తెప్పించి, దానికి సైకిలు పంపుతో గాలి కొట్టి, సన్నటి రబ్బరు గొట్టంతో ఆ గాలిని కొంచెం కొంచెంగా నీళ్ళలోకి వదిలేవాళ్ళు. ఆ పంపు కొట్టడం కూడా మునెయ్య పనే. “ఎద్దుకు మేతేస్తే దున్నుతుంది, ఆవుకు మేతేస్తే పాలిస్తుంది. వీటికి గాలి కొడితే ఏమిస్తాయమ్మా?” అని అడిగాడు ఆదిశేషమ్మను. “అరుగు మీదికి మనుషుల్నిస్తాయి” అంది ఆవిడ.

ఇచ్చాయి కూడా. పాలెం నుంచి జాలరి పోలేరయ్య పసుపు చారల చేపలు, కాళ్ళు గాజులా మెరిసే రొయ్యలు, శంఖాన్ని వీపున వేసుకుని తిరిగే నత్తలు తెచ్చిచ్చాడు. ఇసుక పోసి, రాళ్ళు పేర్చి, పైన వల బిగించారు. రేడియోలో పాట వినడానికి ఒక చెవి చాలు గానీ చేపల్ని చూడ్డానికి దగ్గరికి రావాల్సిందే. జనం వచ్చారు. పద్మనాభయ్య మొహంలోకి నెత్తురు తిరిగొచ్చింది.

పోలేరయ్య అంతటితో ఆగి ఉంటే ఈ కథ లేదు. ఒకరోజు అరచేతిలో పట్టనంత పెద్ద మడ ఎండ్రకాయను తెచ్చి, నమస్కారం పెట్టి, తొట్టిలో వదిలాడు. సంతకు ఎలా తెస్తారో అలాగే తెచ్చాడు. కత్తెరల్లాంటి రెండు డెక్కలూ దేనికది మూసి, తాటినారతో బిగించి కట్టి ఉన్నాయి.

“కట్లు విప్పబాకండి సామీ. విప్పితే మీ చేపలు దీనికి ఒక పూటకు గూడా రావు” అని చెప్పి పోయాడు.

పద్మనాభయ్యకు ఈ ఏర్పాటు మహా నచ్చింది. వచ్చినవాళ్ళందరికీ తొట్టి చూపించి, “చూసినారా, నా ఇంట్లో ఎవురూ ఎవుర్నీ తినేదానికి లేదు” అని మీసం దువ్వేవాడు. చేతులు కట్టేస్తే ఎవరైనా బుద్ధిమంతులే అన్న సంగతి ఆయనకు తట్టలేదు. చేతులు కట్టినది ఎలా తింటుందన్న సంగతి అసలే తట్టలేదు.

తట్టింది ఆదిశేషమ్మకు. ఎండ్రకాయ ఒక మూల కూర్చుని, మూసిన డెక్కలతో రొయ్యముక్కను అటు తోసీ ఇటు తోసీ, చివరికి వదిలేయడం చూసింది.

“ఒరే అబ్బయ్యా, ఇంటికి పిలిచి చేతులు కట్టేసి ఆకు ముందర కూసోబెట్టినట్టుండాది నీ మర్యాద. ఆకలికి చస్తుందిరా అది.”

“చేతులు విప్పితే చేపలు చస్తాయి గదక్కా!”

“అయితే నోట్లో పెట్టు.”

“ఎవురు పెడతారు?”

ఇంకెవరు పెడతారు? ఆ ఇంట్లో “ఎవరు” అన్న ప్రశ్న ఎప్పుడు పుట్టినా ఆదిశేషమ్మ దగ్గరికే వచ్చి ఆగేది. ఈనెపుల్ల చివర రొయ్యముక్క గుచ్చి, పొద్దున, సాయంత్రం ఎండ్రకాయ నోటికి అందించేది. అందిస్తూ ఊరుకునే రకం కాదు. “తిను, తిను. కొవ్వు పట్టినాక చింతపండు పులుసులో యేస్తా. మామిడికాయ గూడా యేస్తాలే, మొహమాట పడబాక” అని ముద్దుగా బెదిరించేది. ఎండ్రకాయ కళ్ళు రెండూ నిక్కించి వినేది. కొన్నాళ్ళకు ఆమె చీరకొంగు కనపడగానే మూల నుంచి పక్కపక్కకు పరుగెత్తి వచ్చేది. ఆదిశేషమ్మకు అది బాగుండేది. ఆ ఇంట్లో తన వంట కోసం ఎదురుచూసేవాళ్ళు చాలామంది ఉన్నారు గానీ తనకోసం ఎదురుచూసేది అదొక్కటే.

ఒకనాడు ఎండ్రకాయ తినడం మానేసింది. ముక్క నోటికి పెడితే మొహం తిప్పుకుంది. రెండు మూడు రోజులు రాళ్ళ సందున మబ్బుగా కూర్చుంది. ఆ తరవాత ఒక పొద్దున ఆదిశేషమ్మ చూసేసరికి ఇసుక మీద వెల్లకిలా పడి ఉంది. కాళ్ళు, డెక్కలు, డెక్కలకు కట్టిన తాటినార అన్నీ ఉన్నాయి. చేతిలోకి తీసుకుంటే బరువు లేదు. లోపల ఏమీ లేదు, వట్టి డొల్ల.

పద్మనాభయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి, కాసేపు ఆలోచించి, మొహం చిన్నబుచ్చుకున్నాడు. “చేపలు తినేసినాయక్కా. చేతులు కట్టేసుంటే ఏం చేస్తుంది పాపం, కళ్ళ ముందరే తింటుంటే చూస్తూ కూసోనుంటుంది. మనమే చంపినాం.”

ఇలాంటి డొల్లను పోలేరయ్యకు చూపిస్తే ఒక్క మాటలో తేల్చేవాడే. కానీ అతను రొయ్యల కోసం పులికాటు సరస్సు వైపు పోయి ఉన్నాడు. వరి రైతుల ఇల్లు అది. ఎండ్రకాయ అంటే గట్లకు బొక్కలు పెట్టేది, దొరికితే పులుసులోకి పోయేది. దాని బతుకులో ఇంకేం జరుగుతుందో తెలుసుకునేంత కాలం దాన్ని ఆ ఇంట్లో ఎవరూ ఉంచలేదు.

ఆదిశేషమ్మ ఆ డొల్లను పెరట్లో మునగచెట్టు కింద పూడ్చింది. లోపలికొచ్చి, తొట్టి ముందు నిలబడి, ఇల్లంతా వినపడేలా చేపల్ని తిట్టింది. “కట్టేసినదాన్ని తింటారా, సిగ్గులేని ముండల్లారా! ఒక్కొక్కదాన్ని పట్టి మీ అంతు చూస్తా, ఉండండి.” ప్రమీలమ్మ ఆ మాట విన్నది. మునెయ్య విన్నాడు. కాఫీకి వచ్చినవాళ్ళు కూడా విన్నారు.

ఆ తరవాత చేపలు మాయమవడం మొదలైంది.

ఒక పొద్దున ఒకటి లేదు. ఇంకో పొద్దున ఇంకోటి లేదు. రొయ్యలు ఎప్పుడు అయిపోయాయో ఎవరూ చూడలేదు. ముల్లు లేదు, పొలుసు లేదు. పిల్లి పనంటే పైన వల బిగించినట్టే ఉంది. వల విప్పి మళ్ళీ బిగించాలంటే చెయ్యి కావాలి. ఆ తొట్టిలో చెయ్యి పెట్టే అలవాటు ఇంట్లో ఒక్కరికే ఉంది. ప్రమీలమ్మ నోటితో ఏమీ అనలేదు. అన్నం వడ్డించేటప్పుడు వదినగారి చేతివేళ్ళ వంక చూసి ఊరుకుంది. ఆ చూపు తేలిగ్గా తీసుకునే చూపు కాదు.

జయరామయ్య అరుగు మీద మాత్రం నోటితోనే అన్నారు. “పద్మనాభయ్య ఇంట్లో చేపల్ని చూసేది అయిపోయింది, తినేది మొదలైంది” అని నవ్వుకున్నారు. రేడియో ఆపేసి మరీ నవ్వుకున్నారట.

ఆ సాయంత్రం పద్మనాభయ్య వంటింటి గడప దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఉత్తరీయం కొస నలుపుతూ, గోడతో చెప్పినట్టు చెప్పాడు. “అక్కా, నీకు తినాలనిపిస్తే చెప్పు. పాలెం నించి గంపెడు తెప్పిస్తా. అవి మాత్రం వొద్దు.”

ఆదిశేషమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. ఆయన అరిచి ఉంటే ఆమె ఇంకా గట్టిగా అరిచి ఉండేది. ఇంత మెత్తగా అన్నాడు కాబట్టి గరిటె కింద పెట్టేసింది. ఎన్నో ఏళ్ళుగా ఆ ఇంటి పాలు కాచి మీగడ ముట్టని మనిషి, అందరి విస్తళ్ళూ లేచాక అడుగు కూర ఊడ్చుకుని తిన్న మనిషి.

“ఊరి నోరు మూతపడాలంటే కర్పూరం ఆర్పితే సరిపోతుంది గదండీ” అంది వెనకనుంచి ప్రమీలమ్మ. “వదిన తప్పు చెయ్యకపోతే భయమెందుకు?”

పద్మనాభయ్య తల ఊపాడు. ఆ ఊపిన తలను ఆదిశేషమ్మ చూసింది. వెలుగుతున్న కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి చెప్పిన మాటకు ఆ ఊళ్ళో తిరుగులేదు. కానీ దొంగతనాలకూ, పొలం గట్ల తగాదాలకూ పరాయివాళ్ళు పరాయివాళ్ళ చేత ఆర్పించేది అది. సొంత అక్క చేత ఎవరూ ఆర్పించలేదు. ఆమె పోయి తన రేకుపెట్టె సర్దుకుంది. ప్రమాణం చేసేసి, నెల్లూరు అవతల వెంకటాచలంలో ఉన్న పినతల్లి కూతురింటికి పోవాలని తేల్చుకుంది.

మర్నాడు పోలేరమ్మ గుడికి పోదామన్నాడు పద్మనాభయ్య.

“గుడికెందుకురా? ఆ తల్లి నీ చేపల్ని తిన్లేదే, ఆమెనెందుకు లాగుతావు? పోయింది ఈడ, ఆర్పేది గూడా ఈడే. తలుపులన్నీ తీ. రేడియో వాళ్ళను గూడా పిలువు.”

వాళ్ళు పిలవకుండానే వచ్చారు. జయరామయ్య ముందే వచ్చి మంచి చోటు చూసుకుని కూర్చున్నాడు. తొట్టిలో చారల చేప ఒక్కటే మిగిలి, ఒక మూల బిక్కుబిక్కుమంటూ తోక ఆడిస్తోంది. ఆదిశేషమ్మ తలకు పోసుకుని, తడి జుట్టుతో, ఇత్తడి పళ్ళెంలో కర్పూరం వెలిగించుకుని వచ్చింది. పళ్ళెం పక్కన పెట్టి, తొట్టి మీది వల తీసింది.

“ఏం చేస్తుండావక్కా?” అన్నాడు పద్మనాభయ్య కంగారుగా.

“మిగిలిన ఒక్క సాక్షికి ఆకలేస్తుంటే సాక్ష్యం ఎట్టా చెప్తుందిరా?” అని రొయ్యముక్క ఒకటి నీళ్ళలో వేసింది. డొల్ల పూడ్చిన రోజు నుంచి ఆమె తొట్టి జోలికి పోలేదు. మునెయ్య వల మీదుగానే ఏదో పిండి చల్లి పోయేవాడు.

ముక్క ఇసుక మీదికి దిగింది. చేప దానికోసం కిందికి వచ్చింది. రాళ్ళ అడుగున ఇసుక కదిలింది. ముందు రెండు కళ్ళు లేచాయి. తరవాత డెక్క ఒకటి బయటికొచ్చింది. మునుపటిదానికంటే పెద్దది, నిగనిగలాడుతోంది, దానికి నార లేదు. అది రొయ్యముక్కను వదిలేసి చేపను నడుముకు పట్టింది. ఊరంతా చూస్తుండగా, ఏ తొందరా లేకుండా తలవైపు నుంచి మొదలుపెట్టింది.

“అది చచ్చిందన్నారే?” అన్నాడు జయరామయ్య.

“చావలేదయ్యా” అన్నాడు మునెయ్య, తొట్టికి మొహం ఆనించి. “డొల్లను ఆడ పారేసి, కట్లు గూడా దాంతోనే పారేసి, ఇది కొత్తగా బయటికొచ్చింది. మన అమ్మ పూడ్చింది దీని పాత చొక్కాని.”

హాలంతా నవ్వులే నవ్వులు. జయరామయ్య కళ్ళు తుడుచుకున్నాడు. ప్రమీలమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుంది. పద్మనాభయ్యకు ప్రాణం లేచొచ్చింది. గుండెల మీద చెయ్యేసుకుని, “హమ్మయ్య, తేలిపోయిందక్కా! ఇంకా ఆ కర్పూరమెందుకు, తీసెయ్యి” అన్నాడు.

ఆదిశేషమ్మ నవ్వలేదు. పళ్ళెం తీసుకొచ్చి తమ్ముడి ముందు పట్టింది.

“ఇప్పుడు నువ్వు ఆర్పు.”

“నేనా? నేనేం చేసినానక్కా?”

“నన్ను దొంగనుకోలేదని ఆర్పు. ఒక్క పూటయినా అనుకోలేదని ఆర్పు. ఆర్పితే నా పెట్టె విప్పుకుంటా.”

నవ్వులు ఆగిపోయాయి. పద్మనాభయ్య చెయ్యి చాచాడు. చెయ్యి మంట దాకా వచ్చి ఆగింది. అక్క మొహం చూశాడు, జనం మొహాలు చూశాడు, మళ్ళీ మంటను చూశాడు. గొప్పలకు పోయే మనిషే గానీ కర్పూరం మీద అబద్ధమాడే మనిషి కాదు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆదిశేషమ్మ పళ్ళెం పట్టుకునే నిలబడింది. కర్పూరం దానంతట అది కాలి, నల్లటి మరక మిగిల్చి ఆరిపోయింది.

“పోనీలే, అబద్ధానికి చెయ్యి పెట్టలేదు” అని ఆమె పళ్ళెం కింద పెట్టి, లోపలికి పోయి రేకుపెట్టె తెచ్చుకుంది.

పెట్టె అందుకోబోయిన మునెయ్యను పద్మనాభయ్య పక్కకు నెట్టాడు. తానే ఎత్తి నెత్తిన పెట్టుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన నెత్తి మీదికి పాగా తప్ప ఇంకోటి ఎక్కలేదు. ఆ అవతారంతో, ఊరంతా చూస్తుండగా, అక్క వెనకే బస్సు రోడ్డు వైపు నడిచాడు. ఆదిశేషమ్మ వెనక్కి తిరిగి చూడలేదు. మలుపు దగ్గర మాత్రం నడక కాస్త తగ్గించింది. నెత్తిన బరువుతో నడవడం తమ్ముడికి అలవాటు లేదు.