తెల్ల కుక్కకు అంటిన బొగ్గు

వ్యాను అంటే పెద్దగా ఊహించుకోకండి. జనగామలో నా ఫొటో స్టూడియో ముందు నిలబడి ఉండే పాత మెటాడోరే అది. వెనుక సీట్లు పీకేసి పరుపు, పొయ్యి, నీళ్ల డ్రమ్ము పెట్టించాను. శని, ఆదివారాలు గిరాకీ లేకపోతే రెండు కుక్కలను ఎక్కించుకొని రైళ్ల ఫొటోలు తీయడానికి పోవడం నా పిచ్చి. నల్లదాని పేరు దొర, తెల్లదాని పేరు పటేలు. నడిబజారులో నేను "దొరా, కూసో! పటేలా, నోర్ముయ్!" అని అరిస్తే ఎదురు హోటల్లో చాయ్ తాగేవాళ్లకు పండగే.

తెలంగాణ కోసం అందరూ సమ్మె చేస్తున్న రోజులవి. బడులు లేవు, బస్సులు లేవు, బొగ్గు గనులు, మా మాటలో బాయిలు, అన్నీ బంద్. నేను కూడా వ్యాను నంబరు ప్లేటు మీద ఏపీ చెరిపేసి టీజీ అని సొంతంగా పెయింటు వేసుకున్నాను. అప్పుడు మానుకోటలో, అదే మహబూబాబాద్‌లో, ఒక పాత ఆవిరి ఇంజను ఆగిపోయి ఉందని తెలిసింది. ఎక్కడికో ప్రదర్శనకు తీసుకుపోతుంటే రైలు రోకోలో ఇరుక్కుందట. ఆదివారం సాయంత్రం దానికి నిప్పు రాజేసి కాస్త దూరం నడిపిస్తారట. నేను సొంత కెమెరా కొనేనాటికే మా వైపు ఆ ఇంజన్లు పోయాయి. పొగ చిమ్ముతున్న ఇంజను ఫొటో ఒక్కటైనా నా దగ్గర లేదు.

ముందు భూపాలపల్లి పోయాను. మా కనకలక్ష్మి అక్క ఇల్లు అక్కడే. బావ ఎల్లస్వామి బొగ్గు బాయిలో పనిచేస్తాడు. సమ్మెలో జీతం లేదు కదా, ఇంత బియ్యం, కూరగాయలు దించుదామని. ఆదివారం పొద్దున సమ్మె టెంటుకు బయల్దేరుతూ బావ అన్నాడు:

"మేం బాయిలు బంద్ వెట్టి పస్తులుంటుంటే, గా ఇంజన్ నడిపిచ్చి రైళ్లు మంచిగ తిరుగుతున్నయని టీవీల చూపెడ్తరట. దానికి ఒక్క పెల్ల బొగ్గు గూడ పోనియ్యద్దని అనుకున్నం."

"నేను ఫొటోకు పోతున్న బావా."

"పో, తీసుకో. చల్లారిన ఇంజన్ ఫొటో!" అని నవ్వుకుంటూ పోయాడు.

ఆయన పోయాక అక్క అర సంచి బొగ్గు తెచ్చింది. కార్మికులకు ఇంటి వాడకానికి ఇచ్చే బొగ్గు అది. "గ్యాసు దొరుకుత లేదు తమ్మి. తొవ్వల నీ కుక్కలకు వండాలె గద, వెట్టుకపో" అని పరుపు పక్కన పెట్టించింది. నేను ఏమీ ఆలోచించలేదు. పటేలుగాడు వెంటనే ఆ సంచి మీదెక్కి పడుకున్నాడు.

కొత్తగూడ దగ్గర రోడ్డుకు అడ్డంగా మొద్దు వేసి ఉంది. పక్కన టెంటు. రోడ్డు మీదే వంటావార్పు. రాత్రి వానకు కట్టెలు తడిసి పొయ్యి అంటుకోక, నీలి అనే తండా ఆమె కళ్లు తుడుచుకుంటూ ఊదుతోంది. మహేశ్ అనే యువకుడు ముందుకొచ్చి నా ప్లేటు చూసి, "టీజీ! మనోడే. దిగు కాకా, బువ్వ తినిపో" అన్నాడు. తెల్లటి ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు.

నేను తలుపు తీశాను. పటేలుగాడికి మనుషులంటే ప్రేమ ఎక్కువ. ఒక్క దూకు దూకి మహేశ్ ఛాతీ మీద రెండు కాళ్లు పెట్టాడు. తెల్ల చొక్కా మీద రెండు నల్లటి ముద్రలు పడ్డాయి.

"పటేలా, దిగు!" అని అరిచాను. అందరూ ఫక్కుమన్నారు. మహేశ్ నవ్వలేదు. ముద్రను వేలితో రుద్ది చూసుకున్నాడు. కుక్క కడుపంతా నల్లగా ఉంది.

"గిది బొగ్గు గదా?"

సంచి కిందికి దించారు. మెడలో కెమెరా, పోయేది మానుకోటకు, బండిలో బొగ్గు. ఎవరైనా ఏమనుకుంటారు?

"బయట టీజీ, లోపల బొగ్గా? ఎవలిచ్చిన్రు?"

"మా బావది బిడ్డా, ఇంటి బొగ్గు. కుక్కలకు వండుకునేటందుకు. భూపాలపల్లి ఎల్లస్వామిని అడుగు, సమ్మెలనే ఉన్నడు."

బావ పేరు చెప్తే నమ్ముతారనుకున్నాను. మహేశ్ వెంటనే అక్కడి టెంటుకు ఫోన్ చేశాడు. "అన్నా, మీ ఎల్లస్వామి ఇంట్లనుంచి ఇంజన్‌కు బొగ్గు పోతాంది" అని చెప్పేశాడు.

"ఇంజన్‌కు గాదు తమ్మీ!"

"సరే. ఆడ నిన్ను 'పొగ సరిగ వస్త లేదు, జర బొగ్గియ్యి కాకా, మంచి ఫొటో వస్తది' అని అడిగితే ఇయ్యకపోదువా?"

ఇయ్యను అనాలి. నోట్లోంచి మాట రావడానికి కొంచెం ఆలస్యమైంది. ఆ కొంచెంలోనే అందరూ నా మొహం చూశారు.

నీలి లేచింది. "ముచ్చట్లు మల్ల వెట్టున్రి. నా పొయ్యి అంటుకుంట లేదు, పోరగాండ్లు ఆకలికి సస్తున్నరు. గా బొగ్గు ఇటు దే" అని సంచి తనే ఈడ్చుకుపోయింది. కిరోసిన్ చల్లి అంటించింది. బొగ్గు మండింది, అన్నం ఉడికింది. ఖాళీ సంచి కూడా కనిపించేలా ఆ పొయ్యిని ఫొటో తీశాను. కుక్కలకూ ఆమే పెట్టింది. "దొరలు పటేండ్లు మా చేతి బువ్వ తినవట్టిరి" అని నవ్వింది. మహేశ్ కూడా మెత్తబడ్డాడు. మొద్దు జరిపించాడు.

"ఇగ పో కాకా. పొద్దుగూకక ముందే ఇంజన్ కాడికి చేరుతవ్."

నిజమే, చేరేవాణ్ణి. వ్యాను వెనక్కి తిప్పాను.

భూపాలపల్లి టెంటులో బావ ఒక మూల ఒంటరిగా కూర్చున్నాడు. ఆయన పక్కన జంపఖానా ఖాళీగా ఉంది. కెమెరాలో ఫొటో అందరికీ చూపించాను. కొందరు తల ఊపారు. ఐలేశ్ అని బావతో ఒకే షిఫ్టు చేసేవాడు, పొద్దున గేటు దగ్గర బావకు బీడీ వెలిగించి ఇచ్చినవాడే, కెమెరా తిరిగి ఇస్తూ అన్నాడు:

"ఒక సంచి కాలింది, కండ్లార జూసినం. రెండోది లేదని ఎట్ల నమ్మాలె?"

బావ లేచాడు. ఇంటిదాకా నా పక్కన నడిచాడు. గేటు దగ్గర ఆగాడు.

"ఆడ నిన్ను అడిగితే ఇస్తుంటివా?" మహేశ్ తర్వాత మళ్లీ ఫోన్ చేసి అదీ చెప్పాడన్నమాట.

"తెల్వది బావా."

బావ పెరట్లోకి పోయాడు. బొగ్గు కుప్ప మీద పాత టార్పాలిన్ కప్పి, అంచుల మీద రాళ్లు పెట్టాడు. "సమ్మె అయిపోయే దాంక ఈ ఇంట్ల బొగ్గు అంటియ్యద్దు" అన్నాడు అక్కతో.

ఆ పూట అక్క తడి కట్టెలతో వంట చేసింది. ఇల్లంతా పొగ. నావైపు తిరగకుండా దగ్గుతూ ఊదుతూనే ఉంది. దొర, పటేలు గడప అవతలే పడుకున్నాయి. పటేలు కడుపు ఇంకా నల్లగానే ఉంది. బకెట్టు నీళ్లు, సబ్బు తీసుకొని నేను బయటికి నడిచాను.