తిరగబడిన గీత

తమ్ముడు రోడ్డు ప్రమాదంలో పోయిన ఇరవై ఒకటో రోజున ఆమె మళ్ళీ ప్రయోగశాలకు వచ్చింది. పని మీద మనసుండి కాదు, ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోలేక.

నల్ల తెర వేసి, రక్షణ కళ్ళద్దాలు పెట్టుకుని, చిప్‌ను సూక్ష్మదర్శిని కింద ఉంచింది. దాని మీద మూడంటే మూడు పరమాణువుల మందం పొర. అందులో ఎలక్ట్రాన్లు మాత్రమే నడుస్తాయి. లేజర్‌తో దాని గుణం మార్చి ధనావేశాన్ని నడిపించగలిగితే, ఒకే పదార్థంతో రెండు రకాల ట్రాన్సిస్టర్లూ చేయవచ్చు. పద్నాలుగు నెలలుగా అదే తంటా. పొర కాలి మసయ్యేది, లేదా ఉలుకూ పలుకూ లేకుండా ఉండిపోయేది.

ట్రాన్సిస్టర్‌ను తెరిచి మూసే మీటను గేటు అంటారు. లేజర్ వేసేముందు దాని మీద వోల్టేజి ఆపేయాలి. ఆ రోజు ఆపలేదు. ఏడు నిమిషాల తర్వాత చూసుకుంది. కంగారు కూడా పుట్టలేదు. యథాప్రకారం కొలత తీసింది.

కంప్యూటర్ తెర మీద గీత తిరగబడింది. కుడివైపు లేవాల్సింది ఎడమవైపు లేచింది. అంటే పొరలో ధనావేశం నడుస్తోంది. గంటాగి చూసినా అలాగే ఉంది.

వెళ్ళి ప్రొఫెసరమ్మను పిలుచుకొచ్చింది.

"ఏం చేశావే తల్లీ!"

"తప్పు చేశాను మేడం. గేటు ఆపడం మర్చిపోయాను."

ఆవిడ పకపకా నవ్వింది. "చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికామన్నమాట!" అంతలో ఆమె ముఖం చూసి నవ్వు ఆపేసింది. "సంతోషంగా లేదా?"

"తెలియట్లేదు మేడం."

"మా ఆయన పోయాక ఆరునెలలు నాకు కూరలో ఉప్పు తెలిసేది కాదు. వేశానో లేదో పిల్లలు చెప్పేవాళ్ళు." ఆవిడ మళ్ళీ గీత వైపు తిరిగింది. "ఇంకో చిప్ మీద చెయ్యగలవా?"

చేసింది. వోల్టేజి ఉంచితే గీత తిరగబడింది, ఆపితే లేదు. ప్రయోగాల పుస్తకంలో 'పొరపాటున' అని ఉన్నదున్నట్టు రాసింది.

మధ్యాహ్నం అమ్మ ఫోను. "తిన్నావా?"

"ఊఁ. ఇవాళ మా ప్రయోగం ఫలించిందమ్మా."

"అవునా! తమ్ముడికి చెప్పావా..."

ఇద్దరూ ఫోను పెట్టేయలేదు. అవతల కుక్కర్ కూత వినిపించింది. "పొయ్యి మీద పప్పుంది" అంది అమ్మ చివరికి.

సాయంత్రం బస్సులో దిగాల్సిన చోటు దాటిపోయింది. రెండు స్టాపుల దూరం వెనక్కి నడిచింది. దారిలో కొత్త చెప్పు మడమను కొరికింది. మూసి ఉన్న దుకాణం మెట్టు మీద కూర్చుని చెప్పు విప్పి చూసుకుంది. మడమ తోలు లేచి నెత్తురు ఊరుతోంది. భగ్గున మండుతోంది.

"అబ్బా!" అంది పైకే. ఇన్నాళ్ళకు ఒక నొప్పి తెలిసింది. లేవాలనిపించక, మడమ పట్టుకుని అక్కడే కూర్చుంది.