ఆయన తాళాల గుత్తి

"ఏటే భాగ్యా, ఆ డబ్బా కాడ్నించి లెగు. పప్పు మాడిపోతంది" అంది అత్తయ్య జోగమ్మ. లేచి వెళ్ళి పప్పు దింపి వచ్చాను. లాప్‌టాప్ తెర నల్లగానే ఉంది. మొదలుపెట్టడానికి డిస్కు ఏదీ కనబడలేదని అదే ఒక్క వాక్యం.

మా ఊరి పక్కనున్న పారిశ్రామికవాడ హథ్‌ఖోజ్‌లో ఒక చిన్న ఫ్యాబ్రికేషన్ యూనిట్ వాళ్ళు నా పని చూడడానికి ఒక డ్రాయింగు అడిగారు. నచ్చితే ఇంటి నుంచే ఉద్యోగం. ఈ రాత్రిలోగా పంపాలి. పెళ్ళికి ముందు మెకానికల్ డిప్లొమా చేసిన చెయ్యి ఇన్నేళ్ళకు మళ్ళీ గీసిన గీతలు ఈ నలుపు వెనక ఎక్కడో ఉన్నాయి. పాత లాప్‌టాప్ విండోస్‌ను మోయలేకపోతోందని మరిది సతీష్ లైనక్స్ వేసుకోమన్నాడు. వాళ్ళన్నయ్య స్కూటరు తాళాల గుత్తికి వేలాడే పెన్‌డ్రైవ్‌లోనే ఎక్కించి ఇచ్చాడు. నిన్న ఆదివారం నేనే ఇన్‌స్టాల్ చేశాను. రోజంతా గుత్తి లాప్‌టాప్ పక్కన వేలాడుతుండగానే డ్రాయింగు పూర్తి చేశాను. పొద్దున ఆయన గుత్తి పీక్కుని స్టీల్ ప్లాంటుకు వెళ్ళారు. ఆ తర్వాత ఇది లేవలేదు.

సతీష్‌కి ఫోన్ చేస్తే, భయ్యా వచ్చాక చూపించమన్నాడు. భయ్యాకు లైనక్స్ అంటే ఏమిటో తెలియదు. అయినా ఆ సలహా నాకు వింతగా తోచలేదు, ఆయనకే ఫోన్ చేశాను. మిల్లు మోతలోంచి, "ఉన్నదాన్ని కెలకమని ఎవులు సెప్పారు నీకు? ఆ నౌకరీ లేకపోతే తిండి లేదేటి మనకి?" అన్నారు. నవ్వుతూనే అన్నారు. నవ్వుతూ అన్న మాట మీద కోపం తెచ్చుకోవడం నాకింకా చేతకాదు.

మధ్యాహ్నమంతా మీట నొక్కడం, ఆపడం. బడి నుంచి వచ్చి, తాళం వేసిన సొంత ఇంటి ముందు కూర్చున్న పిల్లలా ఉంది నాకు. అలా కూర్చునే గుర్తుచేసుకున్నాను. లాప్‌టాప్‌ను నిద్రలేపే నాలుగు ముక్కలు, బూట్‌లోడర్ అంటారు, ఏ డిస్కులో రాయాలని ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అడిగింది. రెండు పేర్లు చూపించింది. పైన ఉన్నదానికి సరే అన్నాను. ఏ కూర అన్నా, ఏ ఛానల్ అన్నా, ఎప్పుడు ఊరెళ్దామన్నా, ముందుగా వినబడినదానికి సరే అనేస్తాను, చదవను. ఆ పైనున్న పేరు ఆయన పెన్‌డ్రైవ్‌ది. సరంజామా అంతా నా దగ్గరే ఉంది. లేవమని చెప్పే నాలుగు ముక్కలు మాత్రం ఆయన జేబులో ప్లాంటుకు వెళ్ళాయి.

సాయంత్రం ఆయన చెప్పులు విప్పకముందే గుత్తి అడిగాను. పెన్‌డ్రైవ్ పెట్టగానే తెర వెలిగింది.

"ఇంతేనా? నేనింటికాడ ఉన్నప్పుడు ఎట్టుకుని సేసుకో. ఎవులొద్దన్నారు?" అన్నారు.

ఆ గొంతులో నిజంగానే దయ ఉంది. నాకు భయం వేసింది అందుకే.

డ్రాయింగు పంపేశాను. తర్వాత ఫోన్‌లో చూసుకుంటూ ఒక్కో అక్షరం టైపు చేసి, ఆ నాలుగు ముక్కలనూ లాప్‌టాప్ సొంత డిస్కులో రాయించాను. ఈసారి పేరు రెండుసార్లు చదివాను. అన్నీ ఆపి, గుత్తి తీసుకెళ్ళి ఆయనకిచ్చేసి వచ్చి మీట నొక్కాను. నలుపు. చాలాసేపు నలుపే. తర్వాత, ఏ తోడూ లేకుండా, దానంతట అది వెలిగింది.

"భాగ్యా, చాయ్..." అని హాల్లోంచి పిలుపు మొదలైంది.

ఆ పిలుపు పూర్తికాకముందే నేను లేచి నిలబడి ఉన్నాను.