వరుసలో ఖాళీ

కింది మెట్టు నుంచి వచ్చిన కాంక్రీటు బాండీని కనగం తలమీది చుట్టకుదురుపై మోపి, పైమెట్టు మీదున్న పాప్పా చేతులకు అందేలా నిటారుగా నిలబడింది. తడి కాంక్రీటు చెవి వెనక నుంచి జాకెట్టులోకి కారుతోంది. తుడుచుకునే వీల్లేదు. అప్పటికే ఇంకో బాండీ వచ్చేసింది.

"ఎత్తు నుంచి పొయ్యొద్దు, సెగ్రిగేషన్ అవుతుంది!" ఇంజినీరు శివరామన్ స్లాబు మీద నుంచి అరిచాడు.

"కంకర ఒకపక్క, సిమెంటు పాలు ఒకపక్క పోతాయంట. విసరబాకండి, చేతికి చెయ్యి అందీండమ్మే," అన్నాడు మేస్త్రీ కుప్పుస్వామి.

ఇంటావిడ అంబుజం కింద కుర్చీ వేసుకుని చూస్తోంది. పునాది రోజు నుంచీ ఆమెకు కనగం అంటే మోజు. తమిళ ఊరైన మూలకుళంలో తెలుగు మాట్లాడే తోడు దొరకదు. సొంత పిల్లలే తమిళంలో జవాబిస్తారు. "నీ మాట వింటే మా అవ్వ మాట్లాడినట్టుండాదే," అంటూ రోజూ గంటలకొద్దీ కబుర్లు. నిన్న అయితే, "రేపు మేడ స్లాబు సాపాటు. కింద హాల్లో అందరికీ ఒకే బంతి. నువ్వూ కూచోవాల," అంది.

కనగం తల్లి నెల్లితోపు వీధులు ఊడ్చింది. ఆ చీపురు పట్టకూడదనే కనగం ఈ పనికి వచ్చింది. ఎన్నో ఇళ్ళకు కప్పు మోసింది. కప్పు పడ్డాక ఏ ఇంటి గడపా దాటలేదు. అందుకే ఈ పొద్దున తలస్నానం చేసి, పెట్టెలోని మంచి జాకెట్టు తొడుక్కుంది.

మిక్సరు ఆగకూడదు గనక సగం సగం మందిగా భోజనానికి దిగారు. చుట్టకుదురు తన మెట్టు మీదే పెట్టి, కాళ్ళు కడుక్కుని వచ్చిన కనగానికి గుమ్మంలో అంబుజం చెయ్యి అడ్డం పెట్టింది.

"నీకు ఆ పక్కన ఆకేసినా కనగం. మా అత్త వచ్చుండాది. తప్పుగా అనుకోబాక."

ప్రహరీ పక్కన, మునిసిపాలిటీ వాళ్ళు తడి చెత్తకొకటి, పొడి చెత్తకొకటి ఇచ్చిన కొత్త డబ్బాల దగ్గర ఒంటరి ఆకు.

"నిన్న మీరే అంటిరే అమ్మా."

"అంటి. ఏం జెయ్యమంటావ్?"

"గంటలకొద్దీ మాట్లాడేటప్పుడు మీ అత్త యాడుండె?"

అంబుజం లోపలికి చూసింది. అక్కడ బంతిలో పాప్పా అప్పడం విరుస్తోంది.

కనగం వెళ్ళి ఆకు ముందు కూర్చుంది. మెతుకు ముట్టకుండా, చావింటి సాపాటులో మడిచినట్టు, ఆకును అవతలికి మడిచింది.

"అయ్యో, శుభమా అని కప్పు పడేపూట!" అని అంబుజం అనేలోగా కనగం గేటు దాటింది.

భోజనాలయ్యాక కనగం నిలబడే నడిమెట్టు మీద మనిషి లేదు. మిక్సరు ఆగదు. కింది మెట్టు మీదామె కాసేపు చూసి, కాంక్రీటును పైకి విసిరింది. కంకర విడిగా పలకల మీద దొర్లింది. సిమెంటు పాలు మెట్లమీదుగా జారి, నడిమెట్టు మీది పాతచీర చుట్టకుదురులోకి మెల్లగా ఇంకుతున్నాయి.