కొత్త రింగులకు పోసిన నూనె

ఆ మాట అనడానికి ఎంతసేపు పట్టేది, "ఇది ఇప్పుడే వద్దు బావా, తర్వాత వాడుకుందాం దాచిపెట్టు" అంటే సరిపోయేది కదా అని మెకానిక్ మళ్ళీ అదే అనుకుంటూ ఇంజను బోల్టులు విప్పుతున్నాడు. ఆ రోజు ఆ మాట గొంతు దాకా వచ్చింది. చెల్లెలి నవ్వు విని వెనక్కి పోయింది.

బల్ల మీద ఉన్నది గడ్డి కోసే మిషను. భుజానికి తగిలించుకుని నడిపే చిన్న టూ స్ట్రోక్ ఇంజను. చెల్లెలి మొగుడికి అదే బతుకుతెరువు. పోయిన నెల దానికి పిస్టనూ రింగులూ కొత్తవి వేసింది మెకానిక్కే. వేసి, పెట్రోల్లో నూనె కలపబోతుంటే చెల్లెలి మొగుడు సంచిలోంచి తళతళలాడే డబ్బా ఒకటి తీశాడు. సింథటిక్ నూనె, అన్నిటికంటే ఖరీదైనది.

"మా బావకి వదిలేస్తే మందు వేసినట్టు చుక్కలు లెక్కపెట్టి వేస్తాడు. అందుకే నేనే తెచ్చుకున్నా."

"టీలో పంచదారైనా అంతేలే మా అన్నయ్య" అంది చెల్లెలు.

ముగ్గురూ నవ్వారు. వెనక అరలో మామూలు మినరల్ నూనె డబ్బా ఉంది. కొత్త రింగులు సిలిండరు గోడతో మొదట్లో కొంచెం రాసుకోవాలి. ఒకదాని గరుకు ఒకటి అరగదీసుకుని కుదురుకోవాలి. దానికి ఆ చవక నూనే కావాలి. మరీ నున్నటిది పోస్తే రెండూ జారిపోతూనే ఉంటాయి తప్ప కుదురుకోవు, ఇంజనుకు బిగువు రాదు. ఇదంతా అతనికి తెలుసు. కానీ ఆ క్షణంలో చెయ్యి ఆ అర వైపు వెళితే పిసినారి అన్న మాట ఖాయమైపోతుంది. "మంచి నూనె తెచ్చావు బావా" అని మెరిసే డబ్బానే వంచాడు.

మొహమాటం అనుకున్నాడు మొదట. కొన్నాళ్ళు ఆ పేరుతో నడిచింది. తర్వాత, పరువు అనుకున్నాడు. అదీ అబద్ధం కాదు. కానీ దాని అడుగున, కదిపితే బురద లేచే చోట, ఇంకోటి ఉంది. చెడితే చెడనీ, అప్పుడు తెలుస్తుందిలే అనే ఒక చిన్న సంతోషం. నూనె ధార సన్నగా పడుతుంటే ఆ సంతోషం తన మొహంలో కనబడుతుందేమోనని తల వంచుకున్న సంగతి అతనికి స్పష్టంగా గుర్తుంది.

ఇప్పుడు చెల్లెలి మొగుడు ఎదురుగా స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో టీ గ్లాసు. తాగడం లేదు.

"తప్పు నాదే బావా. కొత్తలో మెల్లగా నడపమన్నావు. వాన వచ్చేలా ఉందని ఒక రోజు కాస్త రైజ్ చేశాను. ఇప్పుడు తాడు లాగి లాగి రెక్క పడిపోతోంది గానీ స్టార్ట్ అవదు. ఒకవేళ స్టార్టయినా ముక్కుతూ ఆగిపోతోంది. ఇంకోసారి పని మధ్యలో ఆగితే రావద్దన్నారు, నాతో గడ్డి కోయించుకునే ఆటస్థలం వాళ్ళు."

"ఊ."

"నీ చెల్లెలైతే నాతో మాటలు మానేసింది. మా అన్నయ్య అంత బాగా చేసిస్తే నాశనం చేశావంటుంది."

"ఊ" అన్నాడు మెకానిక్ మళ్ళీ. ఆ 'ఊ'కి ఏ అర్థమైనా తీసుకోవచ్చు. అవతలివాడు ఏ అర్థం తీసుకుంటాడో తెలిసే అన్నాడు.

సిలిండరు ఊడి చేతిలోకి వచ్చింది. వెలుతురుకు ఎత్తి చూశాడు. పిస్టను మీద ఒక్క గీత లేదు. రైజ్ చేసినందువల్ల చెడింది కాదు. సిలిండరు లోపలి గోడ మాత్రం గాజులా మెరుస్తోంది. రింగులు రాసుకోవడానికని పోయిన నెల తను గీసిన సన్నని అడ్డగీతలు ఆ మెరుపు కింద మునిగిపోయాయి. గరుకు కాగితంతో నాలుగు చుట్లు తిప్పితే ఆ మెరుపు పోతుంది. దాంతో నూనె చేసిన పనికి ఆనవాలూ పోతుంది. రింగులు నా లెక్కలో వేస్తాలే అంటే మంచివాడు కూడా అవుతాడు. గరుకు కాగితం అప్పటికే చేతిలో ఉంది. ఎప్పుడు తీశాడో అతనికే తెలియదు.

"బాగవుతుందా?"

"అవుతుంది."

"ఈసారి నువ్వేం చెబితే అది. ఆ డబ్బాలో ఇంకా సగం ఉంది, పట్టుకురానా?"

ఎగతాళి లేదు ఆ గొంతులో. మాటకో పోటు పొడవకపోతే నిద్రపట్టని మనిషి, మాస్టారి ముందు పిల్లాడిలా చేతులు దగ్గరపెట్టుకుని అడుగుతున్నాడు. ఆ రోజు తను కోరుకున్నది సరిగ్గా ఇదే. ఇప్పుడు ఎదురుగా ఉంటే అటు చూడలేకపోతున్నాడు.

గరుకు కాగితం బల్ల మీద పెట్టేశాడు.

"చెయ్యి ఇలా ఇవ్వు."

"ఎందుకు బావా? నాకూ రింగులు వేస్తావా?"

పాత గొంతు ఒక్క క్షణం తిరిగొచ్చింది. మెకానిక్ నవ్వలేదు. అతని చూపుడువేలు పట్టుకుని సిలిండరు లోపలికి పెట్టి గోడ వెంట మెల్లగా తిప్పాడు.

"నున్నగా ఉంది, గాజులా" అన్నాడు చెల్లెలి మొగుడు. "ఇది నా వల్లేనా?"

వేలు వెనక్కి తీసుకోబోయాడు. మెకానిక్ వదల్లేదు.

"నూనె వల్ల. పోస్తున్నప్పుడే నాకు తెలుసు బావా."