పొడుగు చేతుల కోటు

తోలుకోటుని ఒక్కసారి వాసన చూసి దాని జాతకం మొత్తం చెప్పగలిగినవాడు ముల్లోకాల్లోనూ ఒక్కడే. పాత కోట్ల దుకాణం ముక్కుగారు. మేకతోలా, గుర్రపుతోలా అన్నది ఆయనకి చిటికెలో పని. తొడుక్కున్నవాడు ఏ విమానం నడిపాడో, ఎంత ఎత్తున తుమ్మాడో, ఆ పొద్దున పెళ్లాంతో పోట్లాడి వచ్చాడో లేదో కూడా చెప్పేసేవాడు. అందుకే ఆ పేరు. అసలు పేరు ఆయనకే గుర్తులేదు.

అలాంటి ముక్కుగారి దుకాణానికి ఒక మధ్యాహ్నం లెక్కల టీచరమ్మ వచ్చింది. రిటైరై చాలాకాలమైనా, ఆవిడ నడిచొస్తుంటే తలలు నెరిసినవాళ్లు కూడా సిగరెట్లు వెనక దాచుకుంటారు. చంకలో దుప్పటి మూట, మూటలో వాళ్లాయన కోటు. యుద్ధవిమానం నడిపే మనిషాయన. పెళ్లయిన కొత్తలోనే సముద్రం మీదకి ఎగిరి తిరిగి రాలేదు. కోటు మాత్రం వచ్చింది.

ఆవిడ దాన్ని బల్లమీద పరిచింది. ముదురు గోధుమరంగు, ఇత్తడి జిప్పు, నడుముకీ మణికట్లకీ ఊలు అల్లిక పట్టీలు.

ముక్కుగారు కళ్లు మూసుకుని కాలరు దగ్గర గుండెనిండా పీల్చాడు. "గుర్రం," అన్నాడు.

"లోపలి చీటీమీద మేక అని ఉంది నాయనా."

ముక్కుగారు కళ్లు తెరిచి చీటీ చదివాడు. "ఉంది. ఈ మేక కాస్త గుర్రంలా బతికినట్టుందమ్మా."

చెప్పేస్తే పోతుంది. ముక్కుగారి ముక్కు మూసుకుపోయి ఏళ్లు గడిచాయి. పాత తోలు దుమ్ము పీల్చీ పీల్చీ, పువ్వుకీ కిరసనాయిలుకీ తేడా తెలియని స్థితికి వచ్చాడు. ఆ పీల్చడమంతా గిరాకీ కోసం. అసలు చదివేది బొటనవేలితో, ఒక బుల్లి టార్చిలైటుతో.

ఆ బొటనవేలు ఇప్పుడు కోటు మీద నడిచింది. "జిప్పు అసలుదే. చీటీ అసలుదే. ఈ ఊలు పట్టీలు మాత్రం..."

"నేనే అల్లాను. పాతవి పురుగు కొట్టేసింది."

"పురుగు కొట్టినవే ఉంచాల్సిందమ్మా. కొనేవాళ్లు చిరిగిన అసలుదానికిచ్చే ధర చక్కగా ఉన్న కొత్తదానికివ్వరు. నూనె కూడా రాశారా?"

"ఏటా రాస్తాను."

"అయ్యయ్యో! నూనెకి కుట్టుదారం కుళ్లిపోతుంది."

"మార్కులు కోసింది చాల్లే. నేనేం అమ్మడానికి రాలేదు. ఈ తోలు చూసి తొడుక్కున్న మనిషిని చెప్పగలవా?"

అది ఆయనకి వెన్నతో పెట్టిన విద్య. మోచేతి ముడతలు తోలు మీద ఎక్కడ పడ్డాయో, భుజం ఎక్కడ అరిగిందో వేలితో తడిమాడు. ఉన్నట్టుండి వేలు ఆగిపోయింది. మోచేయి ఉండాల్సిన చోటుకి చాలా పైనే ముడత పడింది.

"మీవారు... కాస్త పొట్టివారా అమ్మా?"

"ఏ గుమ్మమూ ఆయన నుదురుని వదిలిపెట్టలేదు."

ముక్కుగారు గొంతు సవరించుకున్నాడు. "తోలన్నాక ముడుచుకుపోతుంది లెండి. ఎండకీ..."

"అబద్ధమాడేప్పుడు నా మొహం చూడు," అంది టీచరమ్మ. ఆ తర్వాత గొంతు తగ్గించింది. "తెలుసు నాయనా. వచ్చిన రోజే తెలుసు. ఈ చేతులు ఆయనకి మోచేతి దాకానే వస్తాయి. ఆఫీసులో అడిగితే పొరపాటంటూ దీన్నీ పట్టుకుపోతారని నోరెత్తలేదు. ఇన్నేళ్లూ పక్కలో వేసుకుని పరాయివాడి కోటుతో కబుర్లు చెప్పాను. ఇది ఎవరిదో తేలితే, ఆయనది ఎవరింట్లో ఉందో తేలుతుంది. నేను పోయేలోగా ఆయన చేతులు ఒక్కసారి పట్టుకోవాలి. అంతే."

ముక్కుగారు ఇంక హాస్యమాడలేదు. తలుపు వేసి, దీపం ఆర్పి, టార్చిని కోటు ఎడమ రొమ్ముకి ఆనించి పడుకోబెట్టాడు. అక్కడ అరచేయంత నలుచదరం రంగు వెలవకుండా ముదురుగా ఉంది. చుట్టూ సూది బెజ్జాలు. పేరు అచ్చువేసిన తోలుబిళ్ల ఒకప్పుడు కుట్టి ఉండేది అక్కడ. కోట్లు ఇళ్లకి పంపేముందు బిళ్లలు విప్పేసుకోవడం ఆ ఆఫీసు పద్ధతి. కానీ అచ్చు గట్టిగా వేసిన బిళ్ల కింది తోలు మీద కూడా గీతలు దిగుతాయి. ఏటవాలు వెలుగులో ఒక్కో అక్షరం లేచింది. టీచరమ్మ బల్ల అంచు పట్టుకుని చదివింది.

"పిచ్చుక!" అంది.

అక్షరాల్లో ఉన్నది పిచ్చుక కాదు, ఆ మనిషి అసలు పేరు. పిచ్చుక అన్నది దళమంతా పిలిచే పేరు. టీచరమ్మ భర్త విమానంలోనే వెనకసీటు మనిషి, ప్రాణస్నేహితుడు, పొట్టివాడు. ఇద్దరూ కలిసే పోయారు. ఆ రోజు ఎండ మండిపోతోందని, తీరం వెంబడి కిందికిందే ఎగరడమే కదా అని, కోట్లు గోడ కొక్కేలకే వదిలి వెళ్లారు.

"కొక్కెం," అంది టీచరమ్మ. "ఆయనే చెప్పారు, భోజనాల దగ్గర నవ్వుతూ. పిచ్చుకకి పైవరస కొక్కెం వచ్చిందట, ఎగిరినా అందదట. నాది కిందవరస, నాదాన్లో వాడు తగిలించుకుంటున్నాడు, నేను వాడి పైదాన్లో అన్నారు. బిళ్లలు విప్పేశాక, పంపినవాళ్లు కొక్కెం నంబరు చూసి పంపారు. ఇంత చిన్న లెక్క ఇన్నేళ్లు తేల్చుకోలేకపోయాను చూడు."

పిచ్చుక భార్య ఫోను నంబరు ఆవిడ దగ్గర ఎప్పుడూ ఉంది. అప్పుడప్పుడూ ఒకరి మోకాళ్ల నొప్పులు ఒకరు అడుగుతూనే ఉన్నారు. కోటు మాట మాత్రం ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు. ముక్కుగారి ఫోనులోంచే కలిపారు.

"వదినా, నీ దగ్గరున్న కోటు చేతులు పొడుగ్గా ఉంటాయా?"

అవతల్నుంచి, "ఎవరు చెప్పారు నీకు? తీసుకుపోవడానికొస్తావా?"

"ఉత్త చేతుల్తో రానులే. పొట్టిది తెస్తాను."

"పొట్టిదా? వదినా... పొట్టిదా?" అని అవతలావిడ ఏడుపో నవ్వో తెలియకుండా ఏదో చేసింది.

మర్నాడు దుకాణంలో కలిశారు. పిచ్చుక భార్య కూడా పిచ్చుకంతే ఉంది. పెద్ద కోటుని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు భుజాన వేసుకొచ్చింది. దాన్ని కప్పే పిల్లల్ని పెంచానంది. కోట్లు ఒకరికొకరు చాచారు గానీ ఎవరి పట్టూ ఎవరూ వదలరు. ఇన్నేళ్ల కాపురం మరి. "పరాయిదైనా అలవాటైపోయింది వదినా," అని పిచ్చుక భార్య గొణిగింది. చివరికి ముక్కుగారు మధ్యలో నిలబడి, "ఒకేసారి వదలాలి, దొంగాట కుదరదు," అని తీర్పు చెబితే గానీ చేతులు మారలేదు. "రెండూ జతగా అమ్మితే..." అని ఆయన ఇంకేదో అనబోయాడు. రెండు జతల కళ్లు ఒకేసారి తిరిగేసరికి టార్చి తుడుచుకున్నాడు.

టీచరమ్మ కోటు తొడుక్కుంది. వేళ్లు కనపడకుండా పోయాయి. కిందికి వేలాడుతున్న కుడిచేతి చివర్ని ఎడమచేత్తో పట్టుకుని, వదలకుండా, చాలాసేపు నిలబడింది. తర్వాత కాలరులో మొహం దాచుకుని, "ఆయన వాసనే," అంది.

ఆ చివరి మాట నేను కల్పించిందే. ఇన్నేళ్లయ్యాక ఏం వాసన ఉంటుంది, కలరా ఉండల వాసన తప్ప? పైగా నాకీ సంగతి చెప్పిన సాక్షికి ముక్కు పనిచేయదాయె. మొహం దాచుకోవడం మాత్రం నిజం. ఎంతసేపటికీ ఎత్తలేదు. ఏ వాసన దొరికిందో ఆవిడ ఎవరికీ చెప్పలేదు.