నాలుగు గడుల ఫారం

యాభై నాలుగో ఏట పీహెచ్‌డీ పూర్తి చేశాను. పక్కన కూర్చున్న పిల్లలు నన్ను "తాతగారూ" అనబోయి "సార్" అని దిద్దుకునేవాళ్ళు. అంతకు ముందు ఎనిమిదేళ్ళు బ్యాంకులో విదేశీ నోట్లు మార్చే కిటికీ వెనక కూర్చున్నాను. పద్దెనిమిదేళ్ళు రాయబార కార్యాలయాల్లో వీసాలిచ్చాను. ఇప్పుడు పర్యాటక అర్థశాస్త్రం చెబుతున్నాను. మూడు చోట్లా చేసింది ఒకటే పని. ఎదుట నిలబడ్డ మనిషి ఎందుకొచ్చాడో కనిపెట్టడం. ఆ పని నాకు వచ్చు. వచ్చని చెప్పుకోవడానికి మొహమాటం లేదు.

మా విభాగాధిపతి నా బావమరిది, నా భార్య తమ్ముడు. ఈ ఉద్యోగం తనే ఇప్పించానంటాడు. ఇంటర్వ్యూ జరిగినప్పుడు వాడు వరండాలో కూర్చున్నాడని నేనంటాను.

సోమవారం పొద్దున నా గదికొచ్చి బల్ల మీద ఒక నివేదిక పెట్టాడు. ఈ ఒడ్డుకీ ఆ ఒడ్డుకీ, రెండు దేశాల మధ్య, పదేళ్ళలో తొంభై లక్షల మంది పర్యాటకులు పడవెక్కారని దాని సారాంశం. ఆ అంకె చూపించి రేవు పక్కనున్న చవక బసల వీధి కొట్టేసి పెద్ద హోటళ్ళు కడతారట.

"చివరి పేజీలో నీ సంతకం కావాలి బావా. శుక్రవారం రేవు అభివృద్ధి కమిటీ ముందు పెడతాం. నీ జీతానికి డబ్బిచ్చేదీ వాళ్ళే కాబట్టి నీ పదవి పొడిగింపు ఫైలు కూడా ఆ రోజే, వాళ్ళ ముందుకే వెళ్తుంది."

"బెదిరిస్తున్నావా?"

"చుట్టరికం కొద్దీ చెబుతున్నా."

"చుట్టానివైతే కుర్చీ లాక్కుని కూర్చో. జప్తుకొచ్చిన కోర్టు అమీనాలాగా నిలబడతావేం?"

కూర్చోలేదు. వెళ్ళిపోయాడు.

నాకు ఆ పదవి కావాలి. ఇంట్లో మాట్లాడే మనిషి లేరు. తరగతిలో నలభైమంది ఉన్నారు. వేరే కారణం అక్కర్లేదు.

కానీ ఆ తొంభై లక్షలు ఎలా పుట్టాయో నాకు తెలుసు. వీసాకైనా, రేవులో దిగేటప్పుడైనా నింపే ఫారంలో నాలుగు గడులుంటాయి. పర్యటన, వ్యాపారం, చదువు, ఇతరం. "ఇతరం" దగ్గర టిక్కు పెడితే ఉత్తరం జతచేయాలి. ఉత్తరం మీద ముద్ర ఉండాలి. ముద్ర వేసేవాడు సీట్లో ఉండాలి. అందుకని అందరూ పర్యటన అనే పెడతారు. తల్లికి ఆపరేషన్ చేయించడానికి వచ్చినవాడూ పర్యాటకుడే, అన్న శవాన్ని తీసుకెళ్ళడానికి వచ్చినవాడూ పర్యాటకుడే. అలా పెట్టమని చెప్పింది నేనే. "పర్యటన అని పెట్టండమ్మా, తొందరగా అవుతుంది" అని కిటికీ వెనక నుంచి వేలమందికి చెప్పాను.

మా ఊరి బడిలో పంతులు హాజరు పిలిచి ఊరుకునేవాడు కాదు. లేచొచ్చి తలలు లెక్కపెట్టేవాడు. మంగళ, బుధవారాలు విద్యార్థులను వెంటబెట్టుకుని నేను రేవుకు వెళ్ళాను. తిరుగు పడవెక్కేవాళ్ళనీ, ఆ ఒడ్డు నుంచి తిరిగొచ్చి దిగేవాళ్ళనీ అడగమని అందరికీ ఒక్కటే ప్రశ్న ఇచ్చాను. రాత్రి ఎక్కడ పడుకున్నారు?

"ఎందుకొచ్చారని అడగొద్దా సార్?" అంది ఒకమ్మాయి. చదువుకు రాకముందు హోటల్లో రిసెప్షనిస్టుగా చేసింది.

"అడిగితే ఫారంలో రాసిందే చెబుతారు. పడుకున్న చోటు గురించి అబద్ధమాడాలని ఎవరికీ తోచదు."

సాయంత్రం ఆ అమ్మాయే నవ్వుతూ వచ్చింది. "ఒకాయన 'మా వియ్యపురాలి ఇంట్లో. పడుకోలేదు, కూర్చున్నా' అన్నాడు సార్. ఏ గడిలో వెయ్యమంటారు?"

"హింస అని కొత్త గడి పెట్టు."

మొత్తం ఎనిమిది వందల పన్నెండు మందిని అడిగారు. హోటల్లో పడుకున్నవాళ్ళు నూట ముప్పై. మిగతావాళ్ళు అక్క ఇంట్లో, ఆస్పత్రి వరండాలో, ఆ చవక బసల్లో.

శుక్రవారం కమిటీ కూర్చుంది. అధ్యక్షురాలు రిటైరైన జడ్జి. బావమరిది నివేదిక చదివాడు. బాగానే చదివాడు. ఆవిడ చివరి పేజీ తిప్పి చూసింది.

"సంతకం ఏదండీ?"

"చెయ్యనండీ. ఇవి టిక్కులు. పర్యాటకులు కాదు." నా కాగితాలు ఆవిడ ముందు పెట్టాను.

బావమరిది నవ్వాడు. "రెండ్రోజులు రేవులో నిలబడి పదేళ్ళ ప్రభుత్వ లెక్క తప్పంటే ఎలా బావా? వీసా ఆఫీసు బుద్ధి పోనిచ్చుకున్నావు కాదు. మనిషి కనబడితే చాలు, అనుమానం."

"అయితే రేవు సంగతి వదిలెయ్. నువ్వు ఆ ఒడ్డుకి ఎప్పుడైనా వెళ్ళావా?"

నవ్వు ఆగింది.

ఏడేళ్ళ కిందట నా ఉద్యోగం ఆ ఒడ్డునే. కుటుంబాన్ని వెంట తీసుకెళ్ళే వీల్లేని పోస్టింగు. నా భార్య పన్నెండుసార్లు పడవెక్కి వచ్చింది. పన్నెండుసార్లూ పర్యటన అని టిక్కు పెట్టింది. ఆ నివేదికలో ఆవిడ పన్నెండుమంది పర్యాటకులు. పన్నెండోసారి వచ్చినప్పుడు జబ్బుపడింది. వీడొచ్చి తొమ్మిది రాత్రులున్నాడు. పదో రోజు ఏదో సదస్సు ఉందని వెళ్ళిపోయాడు. పదకొండో రోజు ఆవిడ పోయింది. ఆ సమయానికి నేను కిటికీ వెనక ముద్రలు వేస్తున్నాను. నేను ఎవరినీ క్షమించలేదు, ఆ కిటికీ వెనక కూర్చున్నవాడితో సహా.

"వెళ్ళాను" అన్నాడు.

"ఫారంలో ఏం పెట్టావు?"

"అందరూ పెట్టేదే."

"ఎక్కడ పడుకున్నావు?"

బల్ల మీది నివేదికను పక్కకు జరిపాడు. తర్వాత అధ్యక్షురాలి వైపు తిరిగాడు. "మా అక్క మంచం పక్కన, నేల మీదండీ. ఆస్పత్రిలో. టిక్కు మాత్రం పర్యటన అనే పెట్టాను."

ఆవిడ నివేదిక మూసింది. "మళ్ళీ లెక్కపెట్టండి. ఈయన ప్రశ్నే అడగండి. అప్పటిదాకా ఆ వీధి జోలికి ఎవరూ వెళ్ళొద్దు." నా ఫైలు ముందుకు లాక్కుంది. "లెక్క పెట్టడానికి ఈయన ఉండాలిగా" అంటూ సంతకం పెట్టింది.

మెట్ల దగ్గర బావమరిది నన్ను కలుసుకున్నాడు. "అందరి ముందూ అడగాల్సింది కాదు బావా."

"విడిగా అడిగితే చెప్పేవాడివా?"

రెండు మెట్లు దిగాక అన్నాడు. "ఆ పదో రోజు నేను వెళ్ళకుండా ఉండాల్సింది."

"అవును."

"అంతేనా?"

"అంతే. సోమవారం ఆరింటికి రేవు దగ్గరుండు. తొలి పడవ నీది."

వచ్చాడు. నాకంటే ముందే వచ్చాడు. మూట పట్టుకుని పడవ దిగిన ఒక ముసలావిడ దగ్గరికి వెళ్ళి, "పెద్దమ్మా, రాత్రి ఎక్కడ పడుకున్నారు?" అని అడిగాడు.

"దేనికి నాయనా, ఇవాళ మీ ఇంట్లో పక్క వేస్తావా?" అంది ఆవిడ.

వాడు ఆవిడ చేతిలో మూట అందుకున్నాడు. నేను ఆ వెనకాల దిగుతున్న మనిషి దగ్గరికి వెళ్ళాను.